పెట్టె మీద ఇంటిపేరు

శవపెట్టెల అంగడాయన అడిగిన మొదటి మాటకే నాకు ఒళ్లు మండింది.

"ఆయమ్మకి పెండ్లి అయ్యిండాదా అప్పా?" అన్నాడు మా అన్నను చూసి.

చనిపోయింది మా అక్క. ఇన్నేళ్లూ ఆమెతో ఉన్నది నేను. అక్క ఎంత పొడుగో, ఏ బట్టలు కట్టామో నాకే తెలుసు. అన్న ఆ ఉదయమే మదనపల్లె నుంచి బెంగళూరు వచ్చాడు. అయినా అంగడాయన అడిగింది అన్ననే.

"అయింది" అన్నాడు అన్న.

"అట్లయితే ఈ పక్క చూడండి. తెల్లవి పెండ్లి కానోళ్లకి."

పెళ్లి! అక్కను ఆమె భర్త కొట్టేవాడు. తప్పించుకుని పుట్టింటికి వచ్చిన ప్రతిసారీ అన్నే సర్దిచెప్పి, వెంటపోయి, ఆ ఇంట్లో దింపి వచ్చేవాడు. ఆఖరిసారి పెదవి చిట్లి రక్తం కారుతుంటే, ఆమె మా ఇంటికి రాలేదు. తిన్నగా బెంగళూరు బస్సెక్కింది. అక్కడ హెబ్బగోడిలో గది తీసుకుని, గార్మెంట్స్‌లో కుట్టుపనికి చేరింది. నన్ను పిలిపించుకుని డిగ్రీ చదివించింది. ఈరోజు మహదేవపురలో నా ఉద్యోగం ఆమె రెక్కల కష్టమే. విడాకుల కోసం కోర్టుకు పోదామంటే, "వాని మొగం మళ్లా చూడకుంటే చాలు" అనేది. అంత ఇష్టంగా కట్టుకున్న బతుకు, పనిలో ఉండగానే గుండె ఆగి ముగిసిపోయింది.

అన్న నిగనిగలాడే గోధుమరంగు పెట్టె ఒకటి చూపించాడు. అంగడాయన మూత మీద వేసే ఇత్తడి రేకు తీసి, పేరు ఏమని చెక్కాలని అడిగాడు. అన్న అక్క పేరు చెప్పి, ముందు ఆ భర్త ఇంటిపేరు చేర్చాడు.

"ఆ ఇంటిపేరు వద్దు" అన్నాను.

"నువ్వు ఊరికే ఉండు పాపా. పెండ్లయిన ఆడమనిషికి పుట్టింటి పేరు పెడితే నలుగురూ ఏమనుకుంటారు? బావకి ఫోన్ చేసినా. వస్తాండాడు. ఆయప్పే చెప్పినాడు, తన పేరు ఉండల్లని."

బతికుండగా ఒక్కనాడూ ఆమె తిన్నదా లేదా అని అడగనివాడికి, చచ్చాక ఆమె పేరు మీద హక్కు కావాల్సి వచ్చింది. ఆ హక్కును తెచ్చి వాడి చేతిలో పెట్టింది మా అన్న.

"నువ్వు ఆమెను ఎన్నిసార్లు వానికి అప్పజెప్పినావన్నా? ఇప్పుడు పెట్టెలో పెట్టి కూడా అప్పజెప్తావా?"

అన్న ముఖం నల్లబడింది. అంగడాయన రేకు పక్కన పెట్టి, "మగోళ్లు తీర్మానం చేసి చెప్పండప్పా" అన్నాడు.

"తీర్మానం నేనే చేస్తా" అన్నాను. లోపల గోడకు ఆనించి, ఇంకా రంగు వేయని పెట్టె ఒకటి ఉంది. కొత్త చెక్క, చిత్రిక పట్టిన గీతలు కూడా కనిపిస్తున్నాయి. అదే కావాలన్నాను.

"అయ్యో, దానికి ఇంకా పాలిష్ కాలేదమ్మా. అట్లా ఎవరూ తీసుకుపోరు."

"నేను తీసుకుపోతాను. రేకు మీద మా అక్క పేరు ఒక్కటే ఉండాలి. ఏ ఇంటిపేరూ వద్దు."

అన్న బయటికి వెళ్లి ఆటోలో కూర్చున్నాడు.

సాయంత్రం భూస్థాపనకు ఆ మనిషి వచ్చాడు. తెల్లచొక్కా, నూనె రాసి దువ్విన జుట్టు. సమాధుల తోట గేటు దగ్గర పెట్టె దించగానే తలవైపు పట్టుకోవడానికి చెయ్యి చాచాడు. నేను అడ్డం నిలబడ్డాను.

"జరుగు" అన్నాడు మెల్లగా.

"నువ్వు ముట్టుకుంటే ఇక్కడే అరుస్తా. నువ్వేం చేసినావో అందరికీ చెప్తా."

వాడు అన్నవైపు చూశాడు. అన్న తల దించుకున్నాడు. అక్క పక్కగదిలో ఉండే ఇద్దరు ఆడవాళ్లు, నేను, అన్న కలిసి పెట్టె మోశాం. మోస్తున్నంతసేపూ అన్న ఏడుస్తూనే ఉన్నాడు. నాకు జాలి కలగలేదు.

ఆఖరున పాస్టరుగారు కళ్లు మూసుకుని, "దుఃఖంలో ఉన్న ఈమె భర్తను ఓదార్చు ప్రభువా" అని ప్రార్థించారు. వాడు దుఃఖంలో ఉన్నాడని ఆయనకు ఎవరు చెప్పారో, ఎందుకు చెప్పారో తెలియదు. అందరూ ఆమెన్ అన్నారు. నేను అనలేదు.