కూర్మన్నపాలెం బస్సు కిటికీకి వేలాడిన పెరుగు

అదీ కాక, ఆ మయొనైజ్ మొదటి సీసా కొన్నది నేనే అన్న ఒక్క ముక్క పట్టుకుని నన్ను ముద్దాయిని చేసేస్తే ఎలా? నేను కొన్నది ఒక్క సీసా. తర్వాతవన్నీ మా బావే కొనుక్కున్నాడు. మా అక్క మాత్రం ఫోన్లో అరగంట సేపు నన్నే ఉతికి ఆరేసింది.

"అలవాటు చేసింది నువ్వు, మాన్పించేదీ నువ్వే. లేదా ఆ చేప డబ్బాలన్నీ వీధి పిల్లులకి పెట్టేస్తాను!"

మా బావ ఉక్కు ఫ్యాక్టరీలో క్రేన్ నడుపుతాడు. షెడ్డు కప్పు కింద చిన్న కేబిన్లో కూర్చుని, ఎక్కడో కింద ఎర్రగా కాలుతున్న ఉక్కును ఎత్తి దించుతుంటాడు. ఆ కేబినంటే ఆయనకు ప్రాణం. ఈసారి వైద్య పరీక్షలో బరువూ, ఒంట్లో కొవ్వూ రెండూ ఎక్కువ వచ్చాయి. నెలాఖరు పరీక్షకల్లా తగ్గకపోతే ఎత్తు మీద పని ఆపేసి కింద స్టోరులో కూర్చోబెడతారు. ఇంట్లో తిండి మామూలే. షిఫ్టులో తినే ట్యూనా బ్రెడ్డుతోనే వచ్చింది చిక్కు. ఆయన తమ్ముడు ఓడ మీద వంటవాడు. దిగినప్పుడల్లా నీళ్ళలో నిలవ చేసిన ట్యూనా డబ్బాలు సంచీడు తెస్తాడు. పాపం, ఆ చేపలో కొవ్వెంత? కొవ్వంతా బావ గరిటెలతో కలుపుకునే, గుడ్డూ నూనే గిలక్కొట్టి చేసే ఆ మయొనైజ్‌లో ఉంది.

కలర్ స్క్రీన్ ఫోన్ కొన్న కొత్త. రోజుకు వంద మెసేజ్‌లు ఉచితం. శనివారం అందరికీ కొట్టాను: "ట్యూనాలో మయొనైజ్ బదులు ఏం కలపాలి? అర్జెంట్." నిమ్మరసం, ఉల్లిపాయ అన్నారు. ఆవకాయ గుజ్జు అన్నారు. పెరుగు అన్నారు. ఒకడు "బుద్ధి" అన్నాడు. వాడితో నాలుగు మెసేజ్‌లు పోట్లాడాను.

ఆదివారం పొద్దున్న ఆరున్నరకు మధురవాడలోని నా గదిలో ఒక డబ్బా తెరిచాను. నిమ్మరసం, ఉల్లిపాయ, పచ్చిమిర్చి అద్భుతం. కానీ బ్రెడ్డు ఎత్తేసరికి చేపంతా పొడిపొడిగా ఒళ్ళో పడింది. ఆవకాయ గుజ్జు కలిపితే నోరు ఊరింది, గిన్నె చుట్టూ నూనె కూడా ఊరింది. శత్రువుని తరిమి వాడి అన్నను పిలిచినట్టుంది! పెరుగు కలిపితే చారయింది. బావకు ఫోన్ చేశాను. ఆయనా నన్ను బావా అనే పిలుస్తాడు.

"రుచి సంగతి ఒగ్గేయ్ బావా. కారకూడదు, రాలకూడదు. నాను కేబిన్లోనే తింటాను. దిగి తిందామంటే ఎనబై మెట్లు. మీటల మీద నీల్లు పడ్డాయంటే నా పని అయిపోనట్టే. ఆ తెల్లదానికి పట్టుంటాది గాబట్టి ఏసుకుంటన్నాను. లేపోతే నాకేటి పిచ్చా?"

ఓహో! ఇన్నాళ్ళూ ఆయనది నాలుక యావ అనుకున్నాం. ఆయనకు కావలసింది జిగురు. ఆ రోజు ఆయన షిఫ్టు మధ్యాహ్నం రెండింటికి. లీటరు పెరుగు, నిమ్మకాయలు, ఉతికిన పల్చటి తువ్వాలు ఒకటి సంచిలో వేసుకుని బయల్దేరాను. తువ్వాలు చెమట తుడుచుకోవడానికి.

ఏడూ నలభైకి 222 నంబరు బస్సు దొరికింది. ఎనిమిదీ యాభైకి ఆర్టీసీ కాంప్లెక్సులో దిగి, బయట బండి మీద నాలుగిడ్లీలు నిలబడే మింగాను. తొమ్మిదింబావుకు కూర్మన్నపాలెం బస్సు. పక్క సీట్లో ఖాళీ చేపల గంపతో పోలమ్మ అనే ఆవిడ కూర్చుంది. తెల్లారే సిటీలో చేపలమ్మేసి ఇంటికి వెళ్తోందట, గాజువాకలో దిగుతుందట. నా సంచిలోంచి పెరుగు కారి ఆమె కాలి మీద పడింది. తిడుతుందనుకుని నేనే ముందు కోపం తెచ్చుకున్నాను. ఆమె నవ్వింది.

"ఏటి నాయనా, పెరుగునట్టుకుని ఎక్కడికెల్తన్నావ్?"

కథంతా చెప్పాను. డబ్బా చేప అనగానే గంప మీద చెయ్యేసుకుని పకపకా నవ్వింది.

"ఓలమ్మ! సముద్రం ఒడ్డునే ఉండి డబ్బాలో సేపా! సర్లే, ఆ పెరుగు తువ్వాల్లో మూట కట్టి కిటికీకి ఏలాడదియ్. బస్సు కుదుపుకి నీల్లన్నీ బేగి దిగిపోతాయి. ఎన్నముద్దలాగ అవకపోతే నన్నడుగు."

ఇద్దరం కలిసి మూట కట్టి కిటికీ ఊచకు బయటికి వేలాడదీశాం. తేట ధారగా కారుతోంది. నాకు ఎందుకో పట్టరాని సంతోషం వచ్చేసింది. గడియారంలా మూట ఊగుతుంటే ఫోన్లో నిమిషాలు లెక్కపెడుతున్నాను. కండక్టరు వచ్చి చూశాడు.

"ఏటయ్యా ఇది? బస్సనుకున్నావా, పాలకేంద్రం అనుకున్నావా? ఇప్పు ముందు!"

"టికెట్టు తీసుకున్నాను కదా! మూట నా ఒళ్ళో లేదు, మీ బస్సులోనూ లేదు. గాల్లో ఉంది!" అని లేచాను. గొంతు నాకు తెలియకుండానే పెరిగింది.

పోలమ్మ నా చొక్కా పట్టి కూర్చోబెట్టింది. "నీ బస్సు రేకు కంటే ఆ పెరుగు సుబ్రంగుంది బాబూ. టికెట్లు కొట్టుకో, ఎల్లు." వెనక సీట్లన్నీ ఘొల్లుమన్నాయి. కండక్టరు కూడా నవ్వాపుకోలేక ముందుకెళ్ళిపోయాడు.

ఎన్ఏడీ కొత్తరోడ్డు సిగ్నలు దగ్గర మా కిటికీ కింద ఒకాయన బైకు ఆపాడు. ధార సరిగ్గా ఆయన హెల్మెట్ అద్దం మీద పడింది. తలెత్తి, "ఓయ్! బస్సు కారతందేటి?" అని అరిచాడు.

"పెరుగు తేట తమ్ముడూ, సలవ సేత్తాది!" అంది పోలమ్మ. ఆయన వేలితో తీసి నాకి చూశాడు. తల ఊపాడు. పచ్చ సిగ్నలు పడింది. నేను నవ్వాపుకోలేక కడుపు పట్టుకుని సీట్లోంచి కిందికి జారిపోయాను.

గాజువాకలో పోలమ్మ దిగుతూ మూటను ఒక్కసారి పిండి చూసింది. "అయిపోనాది. ఆవాలు నూరి కలపమను మీ అక్కని. సేపకి ఆవ పడితే మరేటీ అక్కర్లేదు."

పదీ నలభైకి కూర్మన్నపాలెంలో దిగి, ఆటోలో ఉక్కునగరంలోని అక్క క్వార్టరుకు పదకొండుకల్లా చేరాను. అక్క గుమ్మంలోనే అందుకుంది.

"ఏంట్రా ఆ మూట? స్నానానికొచ్చావా?"

విప్పి చూపించాను. లీటరు పెరుగు అర లీటరైంది. చెంచా నిలబెడితే నిలబడింది. అక్క తిట్టడం మర్చిపోయింది. చెంచాడు ఆవాలు, రెండు పచ్చిమిరపకాయలు, కాస్త ఉప్పు వేసి నూరింది. నేను ట్యూనా నీళ్ళు గట్టిగా పిండేశాను. సన్నగా తరిగిన ఉల్లిపాయ వేసి, కొంచెం నిమ్మరసం పిండి కలిపితే తెల్లగా ముద్దయింది. బావ బ్రెడ్డు మధ్యలో పెట్టుకుని, తలకిందులు చేసి, మూడుసార్లు విదిలించాడు. ఒక్క పలుకు రాల్లేదు. అప్పుడు కొరికాడు. ఆవ ఘాటు ముక్కులోకెక్కి కళ్ళ నీళ్ళు తిరిగాయి.

"ఓర్నాయనో! ఇది సేపా, సీతాకాలం సన్నీల్లా? బుర్ర లేచిపోనాది!" అంటూనే రెండోది చేతిలోకి తీసుకున్నాడు. అక్క ఆ చెయ్యి మీద ఒకటి వేసింది. ఒకటింబావుకు ఆయన డబ్బా కట్టించుకుని షిఫ్టుకు వెళ్ళాడు. వెళ్ళేముందు అక్కకు వినపడకుండా నాతో, "కింద స్టోర్లో నాను బతకలేను బావా" అన్నాడు.

మూడున్నరకు తిరుగు బస్సెక్కాను. ఈ దారిలో పెరుగు పట్టుకెళ్ళేవాళ్ళకు ఒక సలహా: ఎడమ పక్క కిటికీ పట్టండి. కుడి పక్కన బైకులు వస్తాయి. ఐదూ పదికి కాంప్లెక్సు దగ్గరపడుతుండగా ఫోన్ మోగింది. బావ మెసేజ్: "కారలేదు. రాలలేదు. పక్క క్రేనోడు ఒకటి లాక్కున్నాడు. రేపు నాలుగు కావాలి." గట్టిగా నవ్వితే బస్సంతా నావైపు తిరిగింది.

నెలాఖరు పరీక్ష అయింది. మా బావ ఇప్పటికీ పైనే ఉన్నాడు, ఎనభై మెట్ల పైన. ఒక తువ్వాలు, గుప్పెడు ఆవాలు, ఎగుడుదిగుడు రోడ్డు మీద గంటన్నర బస్సు ప్రయాణం, ఇంతే పెట్టుబడి. ఇంకా మయొనైజ్ లేకపోతే ట్యూనా ముద్ద కట్టదనే మొనగాడు మీలో ఎవరైనా ఉన్నారా? ఏదీ, నా ఎదురుగా వచ్చి అనండి చూద్దాం?