జల్లెడమ్మ సరిచూసిన నకలు

ఆసుపత్రి రికార్డుల గదిలో ఆమెను అందరూ జల్లెడమ్మ అనేవారు. రోజూ పొద్దున్నే దేవుణ్ణి తలుచుకుని కూర్చోగానే, అసలు వివరాలున్న పాత కంప్యూటర్లోంచి పదిమంది రోగుల వివరాలు నోటుబుక్కులో రాసుకునేది. తర్వాత పక్క కుర్చీలోకి మారి, దాని బదులు వాడబోయే, నకలు దాచే కొత్త కంప్యూటర్లో ఆ పదీ అక్షరం అక్షరం సరిచూసేది. అది ఆమెకు ఎవరూ చెప్పిన పని కాదు. గది ఊడ్చే ఆయా ఆ రెండో కుర్చీని ముందే తుడిచి ఉంచేది. ఆ గదిలో ఆమె మేలు కోరే మనిషి ఆ ఒక్కతే.

ఆ రోజు ఏడో పేరు దగ్గర వేలు ఆగింది. అసలులో 'పెన్సిలిన్ పడదు' అని ఉంది. నకలులో ఆ గడి ఖాళీ. ఇక పదితో ఆగలేదు. పేర్లను వెయ్యేసిగా విడగొట్టి రెండువైపులా పోల్చి చూస్తే మూడువందల పన్నెండు తేడాలు తేలాయి. అన్నీ ఒకే రోజు మధ్యాహ్నం దిద్దినవి. ఆ పూట రికార్డుల గది పెద్దసారు నకలు తీయడం రెండు గంటలు ఆపించి, ఆగినచోటు నుంచి కాక, ఆ రెండు గంటల్లో దిద్దినవి వదిలేసి ఆ తర్వాతవాటి నుంచే మళ్ళీ మొదలుపెట్టించాడు.

"అటు నలభై వేలు, ఇటు నలభై వేలు. లెక్క సరిపోయింది కదమ్మా," అన్నాడాయన, ఆమె వెళ్ళి చెబితే తలెత్తకుండా.

"తలలు సరిపోయాయి సార్. లోపల రాసింది సరిపోలేదు."

"మీ కళ్ళజోడుకి కూడా ఒక నకలు తీయించుకోండి." గదంతా నవ్వింది. "ఇవాళ మధ్యాహ్నం రెండింటికి పాత కంప్యూటర్లోది తుడిచేస్తున్నాం. మళ్ళీ నోరెత్తితే రేపట్నించి పాత కాగితాల గోదాములో కూర్చుంటారు."

తుడవాలంటే వార్డుల తరఫున పెద్ద నర్సు సంతకం కావాలి. ఆ పెద్ద నర్సు జల్లెడమ్మకు స్వయానా ఆడపడుచు. తన తల్లి జబ్బుగా ఉన్నప్పుడు తాను రాసిన మందుల చీటీని వదిన మళ్ళీ సరిచూసిందని అలిగి, రెండేళ్ళుగా ఆ ఇంటి గడప తొక్కలేదు.

ఒంటిగంటన్నరకు జల్లెడమ్మ వార్డు గుమ్మంలో నిలబడింది. ఆడపడుచు ముందు అనుమతి కాగితం పరిచి ఉంది, పెన్ను మూత తీసి ఉంది.

"ఏం వదినా, ఈసారి ఏ తప్పు పట్టడానికొచ్చావు?"

"పట్టాను. మీ వార్డులో పదిహేడు మందికి ఏ మందు పడదో కొత్తదాంట్లో లేదు."

"నువ్వు చెప్తే నేను నమ్మాలా?"

"వద్దు, నమ్మొద్దు. తనకి ఏ మందు పడదో ఎనిమిదో మంచమాయన్ని నువ్వే అడుగు. వచ్చి కొత్తదాంట్లో నువ్వే చూడు. రెండూ ఒకటే అయితే సంతకం పెట్టెయ్, నేను గోదాముకి పోతాను. అందాకా ఆ పెన్నుకి మూత పెట్టి ఉంచు. ఈ ఒక్క సాయం చెయ్యమ్మా."