ఓడి అనకుండా వచ్చిన కెమెరా

నా కూతురి ముఖం ఏ గోడకెక్కుతుందో, దాన్ని చూసి ఎవరు జాలిపడతారో అని భయం.

జోంబా పట్నంలో, నీటి పరీక్షల ల్యాబులో నా ఉద్యోగం. చుక్క నీళ్లలో ఏ క్రిమి ఉందో చెప్పగలను. మా పేటకొచ్చిన ఒక సేవాసంస్థ మనసులో ఏముందో మాత్రం చెప్పలేకపోయాను. శనివారాలు పిల్లలకు ప్రపంచ పౌరులుగా ఎలా బతకాలో పాఠం చెప్పేవారు. పాఠమయ్యాక గంజి పోసేవారు.

గంజి కాచేది నచిసాలే అమ్మ. ముప్పయ్యేళ్లు చిల్వా సరస్సు ఎండుచేపలమ్మిన మనిషి. నోరు చెడ్డది. ఆమె ముంగిట్లోకి పాస్టరొచ్చినా బయటే ఆగి "ఓడి", రావచ్చా, అని పిలవాలి. ఆమె లోపలినుంచి "ఓడిని", రండి, అంటేనే అడుగు పెట్టాలి.

ఆ రోజు సంస్థ అధికారి మ్వాలే, 'లోకమంతా ఒకే ఇల్లు' అని బోర్డు మీద రాసి, గంజి వరసలోకి కెమెరాతో వచ్చాడు. ఐదేళ్ల మా అమ్మాయి అతుపెలే గడ్డానికి గంజి అంటుకుని ఉంది.

"నవ్వకు పాపా. కొంచెం దిగులుగా చూడు," అన్నాడు.

నచిసాలే అమ్మ కుండ మీద మూత పెట్టి, తెడ్డు పట్టుకుని అడ్డం నిలబడింది.

"ఓడి అన్నావా?"

"ఇది సంస్థ స్థలం అమ్మా. ఇక్కడ ఓడి ఏమిటి?"

"ఒకే ఇల్లని రాసింది నువ్వేగా? ఆ ఇంటికి వాకిలి లేదా? మా పిల్లల ముఖాలకేనా తలుపులు లేనిది?"

"దాతలకు ఫోటోలు పంపకపోతే గంజి ఆగిపోతుంది. పిల్లల నోరు కొట్టకు."

"తింటున్న పిల్లను ఆకలి ముఖం పెట్టమన్నది నేనా? మీ అమ్మను తెచ్చి ఇలాగే నిలబెట్టు. ఫోటో నేను తీస్తా!"

పిల్లలు పకపకా నవ్వారు. మ్వాలే నా వైపు తిరిగాడు. "చదువుకున్నవారు, మీరైనా చెప్పండి మేడమ్."

నచిసాలే అమ్మే వంగి, "తియ్యమంటావా తల్లీ?" అని అతుపెలేను అడిగింది. అది తల అడ్డంగా ఊపింది. అప్పుడు దాని చెయ్యి పట్టుకుని బయటికొచ్చేశాను. ఆమెకు అండగా ఒక్క మాట అనలేదు.

మరుసటి వారం గంజి కుండ దగ్గర వేరే మనిషి ఉంది. నెల తిరక్కుండా సంస్థ పోస్టరు మీద పక్కవీధి పిల్ల ముఖం, దిగులుగా. లోకమంతటికీ మర్యాద నేర్పుతామని వచ్చినవాళ్ల మర్యాద అంతవరకే.

నచిసాలే అమ్మను క్షమించమనడానికి వెళ్లి ముంగిట బయటే "ఓడి" అన్నాను. చాలాసేపు నిలబెట్టింది. లోపలికి పిలిచాక తిట్టలేదు. ఆమె అప్పుడు చెప్పిన మాట ప్రకారమే నా కూతుర్ని పెంచుతున్నాను, దాని ఫోటో నేను తియ్యాలన్నా సరే:

"పిల్లకు లోకాన్ని చూపించు, వద్దనను. కానీ 'ఓడిని' అనాల్సింది అది. దాని బదులు నువ్వు అనకు. అది అనేదాకా నువ్వూ బయటే ఆగు."