పులిహోర ఫోన్లు, చావని కణాలు

ఆ రోజుల్లో నా తెలివితక్కువతనానికి కూడా ఒక లెక్క ఉండేది. నాలుగు ఇడ్లీలు ఒకేసారి తిన్నా, రెండు ఇప్పుడూ రెండు కాసేపాగీ తిన్నా నాలుగే కదా, రేడియేషన్ అయినా అంతే కదా అనుకునేవాణ్ణి. ఈ ఇడ్లీ సిద్ధాంతాన్ని నమ్ముకుని ఒక ప్రొఫెసర్‌గారిని, ఆయన ల్యాబ్ మొత్తాన్ని, అందరికన్నా ఎక్కువగా నన్ను ఎలా బోల్తా కొట్టించానో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

కాలిఫోర్నియాలోని శాంటా క్లారాలో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవాణ్ణి. చుట్టుపక్కల తెలుగువాళ్లకు కొదవ లేదు, కానీ అందరూ సాఫ్ట్‌వేర్. నేనొక్కణ్ణే క్యాన్సర్ కణాలకు రేడియేషన్ పెట్టే ల్యాబ్‌లో ఏడాది కాంట్రాక్టు మీద పనిచేసేవాణ్ణి. (కాంట్రాక్టు రెన్యూ అయితే వీసా ఉంటుంది, వీసా ఉంటే నేనుంటాను. నా వేదాంతమంతా అంతే.) పార్టీల్లో ఎవరైనా "రేడియేషన్ అంటే, సెల్ టవర్లా?" అని అడిగితే, "సెల్సే గానీ ఆ సెల్స్ కాదండీ" అని నా జోకు విసిరేవాణ్ణి. అది నేల మీద పడేలోపే అవతలివాళ్లు ఇళ్ల రేట్ల దగ్గరికి వెళ్లిపోయేవారు. ల్యాబ్‌లో సోమవారం పొద్దున 'హాయ్' అన్నాక, శుక్రవారం సాయంత్రం 'బై' అనేదాకా నా గొంతుతో నాకు పెద్దగా పని పడేది కాదు.

అలాంటి రోజుల్లో తెలుగు సంఘం ఉగాది వచ్చింది. సంఘాన్ని నడిపే పెద్దమనిషిని (మేం చాటుగా పులిహోర అంకుల్ అనేవాళ్లం) వేధించే సమస్య ఒక్కటే. ఎవరిళ్ల నుంచి వాళ్లు ఒక వంటకం తేవాలంటే అందరూ పులిహోరే తెస్తామంటారు. వాట్సాప్ గ్రూపులో 'సరే' అని బొటనవేలి బొమ్మ పెట్టి, తర్వాత విడిగా ఫోన్ చేసి బతిమాలుకుంటారు. ఆ ఫోన్లు ఎత్తి, కొందరినైనా పాయసం వైపు మళ్లించే బాధ్యత అంకుల్ నాకప్పగించారు. "మధ్యాహ్నం లంచ్ టైమ్‌లో ఫోన్ దగ్గరుంటే చాలు బాబూ, పెద్ద పనేం కాదు" అన్నారు. నాకు మంత్రి పదవి వచ్చినట్టయింది. రోజూ నాతో మాట్లాడటానికి మనుషులు!

చిక్కంతా మా మెషీన్ దగ్గర వచ్చింది. అది బేస్‌మెంట్‌లో మందపాటి తలుపు వెనక ఉంటుంది, అక్కడ సిగ్నల్ రాదు. పైగా కొత్తవాణ్ణి కాబట్టి ఎవరికీ అక్కర్లేని లంచ్ స్లాట్ నాకిచ్చారు. అందుకని కణాలకు సగం డోస్ ఇచ్చి, పన్నెండు కాగానే మెషీన్ ఆపేసి పైకి పరిగెత్తేవాణ్ణి. పాపం, అవి చల్లటి గదిలో ఎందుకు పడుండాలని, ఒంటి వేడి ఉండే ఇంక్యుబేటర్‌లో పెట్టి మరీ వెళ్లేవాణ్ణి. గంటా గంటన్నర పులిహోర పంచాయతీలు తీర్చి, మళ్లీ కిందికొచ్చి మిగతా సగం ఇచ్చేవాణ్ణి. మొత్తం అంతే కదా!

ఫోన్ చేసేవాళ్లలో సన్నీవేల్‌లో కూతురి దగ్గరికి ఇండియా నుంచి వచ్చి ఉంటున్న ఒక పెద్దావిడ ఉండేవారు. పొద్దున కూతురూ అల్లుడూ ఆఫీస్‌కి, మనవడు స్కూల్‌కి వెళ్లాక ఆవిడకీ నాకూ పరిస్థితి ఒక్కటే. "ఇంగువ కాస్త ఎక్కువేస్తే పరవాలేదా నాయనా?" అని మొదలుపెట్టి, "ఇంతకీ నువ్వు తిన్నావా?" దగ్గర ఆగేవారు. రోజూ ఇంగువే. నేనూ రోజూ కొత్తగా ఆలోచించి చెప్పేవాణ్ణి.

ఇంతలో ఒక అద్భుతం జరిగింది. నా కణాలు చావడం తగ్గించాయి. మిగతావాళ్లు అదే డోస్ ఇస్తే కుప్పలుగా పోయేవి, నా చేతిలో దుక్కల్లా బతికాయి. రేడియేషన్‌ను తట్టుకునే కొత్తరకం కణాలు దొరికాయని ప్రొఫెసర్‌గారు ఉప్పొంగిపోయి, ఇంకొక్కసారి చేసి చూపిస్తే పెద్ద మీటింగ్‌లో పెడతామన్నారు. కాంట్రాక్టు సంగతి తాను చూసుకుంటానన్నారు. లంచ్ టేబుల్ దగ్గర జనం జరిగి నాకు చోటిచ్చారు. ఒకాయన నా పేరు సరిగ్గా పలకడం కూడా నేర్చుకున్నాడు.

ఉగాది అయిపోయింది. అంకుల్ వేదిక మీద మైకులు పెట్టినవాళ్లతో సహా అందరికీ కృతజ్ఞతలు చెప్పి, కిందికి దిగి నా చేతికొక చెత్త సంచీ ఇచ్చారు. "బాబూ, నీ పేరు గుర్తు రావట్లేదు, ఆ ప్లేట్లు కాస్త ఎత్తించు" అన్నారు. మర్నాటి నుంచి ఒక్క ఫోన్ లేదు. మెషీన్ ఆపే పనీ లేదు. డోస్ మొత్తం ఒక్క ఊపున ఇచ్చాను. కణాలు శుభ్రంగా చచ్చాయి. మళ్లీ చేశాను, మళ్లీ చచ్చాయి. నా మీద బెంగతో పోయాయేమో అని కూడా ఒక క్షణం అనుమానం వచ్చింది.

నేను చేరకముందే పొడుగు సెలవు మీద ఇండియా వెళ్లి, అప్పుడే తిరిగొచ్చిన మా సీనియర్, కరీంనగర్ అక్క, నన్నొక మూల కూర్చోబెట్టింది. "ఏం జేసినవో మొత్తం జెప్పు తమ్మీ. నడుమ మెషీన్ ఆపినవా?"

"కాసేపే అక్కా. మొత్తం డోస్ అంతే కదా!"

"నీకు పది గుద్దులు ఒక్కపారే గుద్దితె, దినానికొకటి గుద్దితె ఒక్కటేనా? చూపియ్యాల్నా?" అని పిడికిలి ఎత్తింది. "దెబ్బ తాకితె కణం ఊకె కూసోదురా. పగిలినదాన్ని అతికించుకుంటది. అతికేలోపు ఇంకో దెబ్బ వడితెనే సస్తది. పేషెంట్లకు రోజింత రోజింత ఎందుకిస్తరు? నడుమల మంచి కణాలు కోలుకోవాల్నని. నువ్వేమో సగం దెబ్బ కొట్టి, వెచ్చగ పండవెట్టి, తీరిగ్గ మిగతా సగం కొట్టినవు. ఇంటికొచ్చిన అల్లునికి గూడ గిన్ని మర్యాదలు జెయ్యరు గదరా!"

ప్రొఫెసర్‌గారి గదికి నన్ను తనే తోలుకెళ్లి, లోపలికి మాత్రం ఒక్కణ్ణే తోసింది. ఆయన అంతా విని, "శభాష్. పాఠ్యపుస్తకంలో మూడో అధ్యాయం నువ్వు మళ్లీ కనిపెట్టావు" అన్నారు. మధ్యలో మెషీన్ ఆపనని మాట ఇస్తే ఇంకో ఏడాది ఉండమన్నారు. ఉన్నాను. లంచ్ టేబుల్ దగ్గర జనం మళ్లీ ఎప్పటిలా సర్దుకుని కూర్చున్నారు. కణాలకు డోస్ ఇవ్వడం నా ఉద్యోగం, నేను డోస్ తినడం నా జాతకం అనుకుని నా డబ్బా నేను తెరుచుకున్నాను.

దీపావళి ముందు ఫోన్ మోగింది. "బాబూ, ఆ ఫోన్ల అబ్బాయివి నువ్వే కదూ? ఈసారి కూడా నువ్వే చూసుకో." తప్పకుండా అంకుల్ అన్నాను. అని, అందరికీ విడివిడిగా ఒక మెసేజ్ పెట్టాను: 'ఈసారి పులిహోర విషయం అంకుల్‌గారే స్వయంగా నిర్ణయిస్తారు. బుధవారం పన్నెండు నుంచి పన్నెండున్నర లోపల మాత్రమే ఆయనకి ఫోన్ చేయగలరు.'

బుధవారం సాయంత్రం అంకుల్ గొంతు గాలి పోయిన టైరులా ఉంది. "ఏమయ్యా, చెవి కాలిపోయిందయ్యా! ఒకరు పెట్టేలోపు ఇంకొకరు! ఊపిరి తీసుకోనిస్తేగా!"

"ఉగాదికి నాకూ వచ్చినవి అవే ఫోన్లు అంకుల్. మొత్తం అంతే కదా" అన్నాను.

ఒక్క సంగతి మాత్రం ఆయనకి చెప్పలేదు. ఆ మెసేజ్ సన్నీవేల్ పెద్దావిడ నంబరుకి నేను పంపలేదు. బుధవారం పన్నెండింటికి బేస్‌మెంట్ మెట్ల పైన, సిగ్నల్ ఉన్నచోట, డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఫోన్ మోగింది. ఇంగువ గురించి చాలాసేపు ఆలోచించి చెప్పాను. మెషీన్ ఆపలేదు, మాట మీదే ఉన్నాను. అసలింకా మొదలే పెట్టలేదు.