రెండో నడక

నరాల విభాగంలో ఆవిడకంటూ ఒక గది ఉండేది. బల్ల, రెండు కుర్చీలు, పరీక్షకు ఒక ఎత్తు మంచం, ఎంత లాగినా పూర్తిగా మూసుకోని కిటికీ. అయినా ఆవిడ అసలు పనంతా గది బయట నడవాలోనే జరిగేది. లోపల కూర్చుని రోగుల్ని పిలిపించుకునే అలవాటు ఆవిడకు లేదు. తనే వచ్చి గుమ్మంలో నిలబడి, ఆ చివర బెంచీ మీదున్న మనిషిని చెయ్యి ఊపి పిలిచేది. వాళ్ళు లేచి వచ్చేలోపు సగం సంగతి కళ్ళతోనే చదివేసేది. ఏ కాలు ముందు పడుతోంది, ఏ కాలు ఈడుస్తోంది, మలుపు దగ్గర చెయ్యి గోడ కోసం వెతుకుతోందా అని. అందుకే ఆవిడ అసలు పేరు చాలామందికి తెలియదు. ‘నడక డాక్టరమ్మ’ అంటే పళ్ళ బండివాడు కూడా దారి చూపించేవాడు.

ఆవిడ దగ్గరకు వచ్చేది ఎక్కువగా ఒకే జబ్బువాళ్ళు. మల్టిపుల్ స్క్లెరోసిస్. ఆ పేరు వినగానే మనిషికి సగం ప్రాణం పోతుందని, ఆవిడ ముందు కథ చెప్పి పేరు తర్వాత చెప్పేది.

“మన ఒంట్లో కాపలా సైన్యం ఒకటుంటుంది. దానికేం బుద్ధి పుట్టిందో, మీ నరాల మీదున్న తొడుగునే శత్రువనుకుని కొరికేస్తోంది. తొడుగు పోయిన తీగలో కరెంటు తడబడుతుంది కదా, మీ కాలికి వెళ్ళే కబురూ అలాగే తడబడుతోంది. తప్పు మీదీ కాదు, కాలిదీ కాదు.”

ఆవిడ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ జబ్బుకు మందన్నదే దాదాపు లేదు. వచ్చినవాళ్ళను నడిపించి చూడటం, సుత్తితో మోకాలి మీద కొట్టి చూడటం, నిట్టూర్చడం, అంతే. ఉత్త చేతులతో పంపడానికి మనసొప్పక, ఆవిడ ఒకటి మొదలుపెట్టింది. రోగి నడవా ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి రాగానే “శభాష్!” అని గట్టిగా అని చప్పట్లు కొట్టేది. పక్కనున్న నర్సు కొట్టేది. బెంచీల మీద తమ వంతు కోసం కూర్చున్నవాళ్ళూ కొట్టేవాళ్ళు. పై అంతస్తులోని గుండె విభాగం వాళ్ళు మెట్ల మీంచి తొంగిచూసి, “మీ దగ్గర వైద్యమా, ఆటల పోటీలా?” అని ఎకసెక్కాలాడేవాళ్ళు.

“మీ వాళ్ళను కూడా పంపండి, బహుమతులిస్తాం” అనేది ఆవిడ.

తర్వాత మందులొచ్చాయి. ఏ మందు ఎవరికి ఎప్పుడు మొదలుపెడితే నడక ఎక్కువకాలం నిలబడుతుందన్నది ఆవిడ పరిశోధన. జుట్టు సగం నెరిసింది ఆ పని మీదే. అలా ఉండగా ఒక గట్టి మందు వచ్చింది. పోయిన బలాన్ని తెచ్చిపెట్టదు గానీ, ఉన్నదాన్ని కాపాడుతుంది. కాబట్టి ఎంత ముందుగా ఇస్తే అంత మేలు. చిక్కేమిటంటే, ఆ మందు రాయాలంటే ఆస్పత్రి కమిటీ ఒప్పుకోవాలి. కమిటీ ఒప్పుకోవాలంటే నడవాలో రోగి నడక ముందుకన్నా స్పష్టంగా మందగించి ఉండాలి. ఆవిడ రోగుల నడక మాత్రం మందగించేదే కాదు. ఏడాదికేడాది ఒకేలా, దీక్షగా, చక్కగా నడిచేవాళ్ళు.

“మీ వాళ్ళు మాకన్నా బాగా నడుస్తున్నారు కదమ్మా!” అనేవాడు కమిటీ పెద్ద. ఆయనకు మెడలో ఎప్పుడూ బో టై ఉండేది. మంచి మనిషే, కాకపోతే కళ్ళతో చూడనిదీ, కొలతకు అందనిదీ నమ్మడు.

ఆవిడ తెల్లకోట్లన్నీ ఒకే కుట్టు దుకాణంలో తయారయ్యేవి. ఆ టైలరమ్మ కూడా ఆవిడ రోగే. సన్నగా, చురుగ్గా, నోట్లో గుండుసూదులు పెట్టుకునే మాట్లాడగల మనిషి. డాక్టరమ్మ కోటు జేబులో సుత్తి పడేసుకుంటుంది, జేబు చిరుగుతుంది, టైలరమ్మ తిట్టి కుడుతుంది. ఏళ్ళ తరబడి సాగుతున్న వ్యవహారం అది.

ఒక సాయంత్రం జేబు మళ్ళీ చిరిగింది. ఆస్పత్రి నుంచి ఇంటికెళ్ళే దారే కదా అని ఆవిడ చెప్పాపెట్టకుండా దుకాణం వైపు నడిచింది. అద్దాల తలుపు అవతల దీపం వెలుగుతోంది. టైలరమ్మ ఇస్త్రీ బల్ల దగ్గర నుంచి కుట్టుమిషను దగ్గరకు వెళ్ళబోతోంది. ఆవిడ తలుపు మీద చెయ్యి వేసి అలాగే ఆగిపోయింది.

టైలరమ్మ ముందు బల్ల అంచు పట్టుకుంది. అక్కడి నుంచి కోటు తొడిగిన చెక్కబొమ్మ భుజం. తర్వాత కుర్చీ వీపు. తర్వాత గుడ్డల బీరువా పిడి. ఎడమ పాదం నేలను గీసుకుంటూ వెనకాల వస్తోంది. అప్పుడు కనబడింది ఆవిడకు, ఆ దుకాణంలో సామానంతా ఎందుకలా ఇరుకిరుకుగా పెట్టారో. వాగులో అడుగు వేయడానికి రాళ్ళు పరుచుకున్నట్టు, ఒక వస్తువు మీద చెయ్యి వదిలేలోపు ఇంకోటి అందేలా సర్ది ఉంది.

ఆ వారమే నడవాలో ఈ మనిషే కవాతు చేసినట్టు నడిచింది. శభాష్ కూడా అందుకుంది.

ఆవిడ లోపలికి వెళ్ళగానే టైలరమ్మ బొమ్మను కావలించుకుని నిలబడిపోయింది.

“చెప్పకుండా వస్తారేంటి డాక్టరమ్మా?”

“ఎన్నాళ్ళనుంచక్కా ఇలా?”

“ఎలా?” అంది. ఆవిడ చూపు చూసి, “పొద్దున బానే ఉంటుందండీ. పనంతా అయ్యేసరికే ఇలా అవుతుంది. అయినా ఇది మీరు చూడాల్సింది కాదు” అంది, ఏదో పరాయివాళ్ళు పడకగదిలోకి తొంగిచూసినట్టు.

“నేను చూడకపోతే ఎవరు చూడాలి?”

“మీ దగ్గరికొచ్చే ముందు రోజు షాపు మూసేస్తాను. అందరం అంతే, నేనొక్కదాన్నే అనుకుంటున్నారా? ముందు రోజు ఏ పనీ పెట్టుకోం. పొద్దున్నే చన్నీళ్ళు పోసుకుంటాం, వేడి తగిలితే కాళ్ళు చచ్చిపోతాయి కదా. గేటు దాకా టాక్సీ. కొత్తవాళ్ళొస్తే బెంచీ మీద కూచోబెట్టి మేమే చెప్తాం.”

“ఎందుకక్కా?”

టైలరమ్మ నోట్లోంచి సూదులు తీసి మణికట్టుకున్న బుల్లి దిండుకు గుచ్చింది. “మీరు అంత సంతోషంగా చప్పట్లు కొడతారు కదమ్మా. మీ మొహం చిన్నబుచ్చడానికి మనసొప్పదు.”

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆవిడ కలిపిన అన్నమే కలుపుతూ ఉంది. జరిగిందంతా చెప్పి, “ఇన్నేళ్ళూ నేను కొలిచింది వాళ్ళ జబ్బును కాదు, నా మీదున్న అభిమానాన్ని” అంది. భర్త డ్రాయింగు మాష్టారు. ఆయన ఏదో అనేలోపే అత్తగారు అందుకుంది.

“ఇందులో అంత బాధపడేదేముందే? చుట్టాలొస్తున్నారంటే ఇల్లు సర్దమా? వాళ్ళు కాళ్ళు సర్దుకుని వస్తున్నారు. ఇల్లు అసలు ఎలా ఉంటుందో తెలియాలంటే, పనంతా అయ్యాక వెనక గుమ్మంలోంచి రావాలి.”

“మీ కోడలు అలాగే వెళ్ళిందిలే అమ్మా, అందుకే ఈ గొడవ” అన్నాడు మాష్టారు.

“అయితే ఆ కమిటీ వాళ్ళనీ అలాగే తీసుకెళ్ళమను” అని అత్తగారు పెరుగు వడ్డించుకుంది.

ఆవిడ చెయ్యి కంచంలో ఆగింది. తర్వాత నెమ్మదిగా కదిలింది. భోజనం పూర్తయింది.

అసలు ముప్పు ఆవిడకు స్పష్టంగానే తెలుసు. టైలరమ్మ ఎడమ పాదం ఇంకా కుట్టుమిషను తొక్కగలుగుతోంది. అది ఆగిపోకముందే మందు పడాలి. కమిటీ త్వరలో సమావేశం కాబోతోంది. ఆవిడ దరఖాస్తు పెట్టింది, జబ్బు సాయంత్రాల్లో బయటపడుతోందని రాసింది. కమిటీ పెద్ద, మనిషిని తీసుకొచ్చి చూపించమన్నాడు.

టైలరమ్మ మొదట ససేమిరా అంది. “అంతమంది మగవాళ్ళ ముందు కుంటుకుంటూ నడవమంటారా? నా వల్ల కాదు.”

“కుంటమనడం లేదక్కా, ఉన్నదున్నట్టు నడవమంటున్నాను. ముందు రోజు షాపు మూయకు. చన్నీళ్ళు పోసుకోకు. టాక్సీ ఎక్కకు.”

“సరే” అంది టైలరమ్మ. అనడం వరకే.

కమిటీ గదిలో పొడుగాటి బల్ల, చుట్టూ పెద్ద డాక్టర్లు. టైలరమ్మ మెరిసే బూట్లతో, చక్కగా దువ్విన తలతో వచ్చింది. ఆమె తాజా మొహం చూడగానే డాక్టరమ్మకు అర్థమైపోయింది. షాపు మూసింది, స్నానం చేసింది, టాక్సీలోనే దిగింది. అనుమానమే లేదు. నడవమన్నారు. గది ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పెళ్ళికూతురిలా నడిచింది. ఆ మలుపు తిరిగిన తీరుకు ఒక కుర్ర డాక్టరు చప్పట్లు కూడా కొట్టాడు.

“చూశారా అమ్మా!” అన్నాడు కమిటీ పెద్ద, నిజంగానే సంతోషించి.

ఆవిడ టైలరమ్మ వైపు చూసింది. టైలరమ్మ తల దించుకుంది. “అలవాటైపోయిందండీ. నలుగురి కళ్ళూ మీద పడేసరికి కాళ్ళు వాటంతటవే...” అని గొణిగింది.

ఇక లేచి రావడమే మిగిలిందనిపించింది ఆవిడకు. అంతలో టైలరమ్మ చూపు ఎక్కడికో వెళ్ళి అతుక్కుంది. ఆవిడ ఆ చూపు వెంట చూసింది. కమిటీ పెద్ద కోటు. మోచేతి దగ్గర లైనింగు ఊడి వేలాడుతోంది, గుండీలు ఒకటి తప్పించి ఒకటి వదులు.

“అక్కా, దాని సంగతేంటి?” అని అడిగింది ఆవిడ, ఉన్నట్టుండి.

“ఏంటండీ, పెద్దవాళ్ళు, చెప్పకూడదు గానీ, ఆ కోటు చూస్తుంటే నాకు ఒళ్ళు జలదరిస్తోంది.”

గది గొల్లుమంది. కమిటీ పెద్ద మోచెయ్యి తిప్పి చూసుకున్నాడు. “మా ఆవిడా ఇదే అంటుంది.”

“సార్, మీకింకా చూడాల్సిన కేసులున్నాయి కదా. ఆ కోటు ఇటివ్వండి. ఈవిడ బాగుచేస్తుంది. మీ పనులయ్యాక ఇంకొక్కసారి నడిపించి చూడండి. అంతే నేనడిగేది.”

ఆయన నవ్వుతూ కోటు విప్పి ఇచ్చాడు. టైలరమ్మ సంచీలోంచి దారం, సూది తీసింది. ఈ సంచీ లేకుండా ఆమె స్మశానానికి కూడా వెళ్ళదని నర్సు ఎప్పుడో అంది. కిటికీ పక్క చిన్న బల్ల మీద కోటు పరిచి, మొదట నిలబడే లైనింగు విప్పింది. వంగింది, లేచింది, దారం పోగులు ఏరింది, వెలుతురు కోసం బల్లకు అటూ ఇటూ తిరిగింది. ఇటువైపు కమిటీ ఒక కేసు తర్వాత ఒక కేసు చూస్తోంది. కాఫీలు వచ్చాయి, తాగారు. టైలరమ్మ మొహంలో ఎవరో చూస్తున్నారన్న స్పృహ పోయింది. పని ఒక్కటే మిగిలింది. ఆవిడ మాత్రం ఆ పాదాన్నే చూస్తూ కూర్చుంది.

చివరి గుండీకి దారం తెంపి, “అయిపోయిందండీ” అంటూ టైలరమ్మ కోటు రెండు చేతులతో పట్టుకుని పెద్దాయన వైపు బయల్దేరింది.

అందులో నటన లేదు, ఎందుకంటే ఆమెకు నడుస్తున్నానన్న ధ్యాసే లేదు. కోటు నలగకూడదన్నదే ఆమె దిగులు. ఎడమ పాదం నేలను గీసుకుంటూ వచ్చింది. సగం దూరంలో మోకాలు మెలిక పడింది. చేతుల్లో కోటు ఉంది కాబట్టి ఏమీ పట్టుకోలేక, నడుముతో ఒక కుర్చీకి ఆనుకుని ఆగింది. ఇందాక చప్పట్లు కొట్టిన కుర్రాడు లేచి కుర్చీ జరపబోతే, కమిటీ పెద్ద చెయ్యెత్తి ఆపాడు. తనే లేచి ఆమె దగ్గరకు వెళ్ళి, కోటు అందుకుని తొడుక్కుని, చెయ్యందించి ఆమెను కూర్చోబెట్టాడు.

“ఇదెప్పట్నుంచమ్మా?”

“రోజూ సాయంత్రం ఇంతేనండీ” అంది టైలరమ్మ, ఈసారి దాచకుండా. “కోటు సరిపోయిందా?”

“కోటు సరిపోయింది. మా కొలతే సరిపోలేదు” అన్నాడాయన. మందుకు అక్కడే సంతకం పెట్టాడు.

తర్వాతి ఏళ్ళలో ఆవిడ పరిశోధన అంతా ఆ కోటు నుంచే బయల్దేరింది. తాజాగా వచ్చినప్పుడు ఒక నడక, ఎవరి పని వాళ్ళు చేసి అలిశాక రెండో నడక. రెండింటి మధ్య తేడాయే అసలు కబురు. ఆస్పత్రిలో ఒక గది ఖాళీ చేయించి అందులో ఇస్త్రీపెట్టె, గిన్నెల తొట్టి, పుస్తకాల అర పెట్టించింది. కట్టెలు చీల్చేవాడొకడు “నాక్కూడా ఏర్పాటు చెయ్యండి” అంటే ఆవిడ దుంగలు కూడా తెప్పించింది. ఈసారి గుండె విభాగం వాళ్ళు, “అది ఆస్పత్రా, మీ అత్తారిల్లా?” అన్నారు. మొదట్లో రెండో నడకను పట్టించుకోని ఆస్పత్రులు, దానివల్ల ఎంతమందికి వేళకు మందు అందుతోందో చూసి, ఒక్కొక్కటిగా తామూ మొదలుపెట్టాయి. దూరదూరాల నుంచి డాక్టర్లు వచ్చి ఆ గిన్నెల తొట్టి చూసి వెళ్ళేవాళ్ళు.

శభాష్‌ను మాత్రం ఆవిడ మానుకోవాల్సివచ్చింది. అది అన్నిటికన్నా కష్టమైంది. నోటిదాకా వచ్చిన మాటను మింగి, చేతులు జేబుల్లో దూర్చుకునేది. దాంతో జేబులు ఇంకా తొందరగా చిరిగేవి.

ఆవిడ పదవీ విరమణ రోజున నడవా నిండిపోయింది. కర్రలతో, చక్రాల కుర్చీలతో, ఉత్త కాళ్ళతో, అందరూ వచ్చారు. బెంచీల మీదంతా తాగేసిన కాఫీ కప్పులు. టైలరమ్మ ఒక చేతికర్రతో వచ్చింది, అదీ ఎక్కువగా జనాన్ని తప్పించడానికే. ఆ ఎడమ పాదం ఇప్పటికీ మిషను తొక్కుతూనే ఉంది. చేతిలో కొత్త కోటు.

“జేబులు రెండు పొరలుగా కుట్టాను. ఇక మీ సుత్తి ఏం చేస్తుందో చూస్తాను.”

“ఇంక కోటెందుకక్కా నాకు?”

“తొడుక్కోండి ముందు. తొడుక్కుని ఆ చివర నుంచి ఇక్కడికి రండి.”

అందరూ రెండు వైపులా గోడకు జరిగారు. ఆవిడకు సిగ్గేసింది. ఇన్నేళ్ళు ఆ నడవాలో తాను నిలబడి చూసిందే తప్ప తన్ను ఎవరూ నడిపించలేదు. చీలమండ ఈమధ్య కాస్త నొప్పిగా ఉంటోంది. అయినా వీపు నిటారుగా పెట్టి, గడ్డం పైకెత్తి, చెయ్యి ఎక్కడా తగలకుండా, చాలా చక్కగా నడిచింది.

నడవా దద్దరిల్లేలా “శభాష్!” అన్నారు.

ఆవిడ కళ్ళు తుడుచుకుంటుంటే టైలరమ్మ దగ్గరకు జరిగి, ఆవిడ పాదం వైపు ఓరగా చూసి, చెవిలో అంది:

“ఇది మొదటి నడకే కదా డాక్టరమ్మా. మా మొహాలు చూసి నడిచారు. ఇప్పుడు ఆ కాఫీ కప్పులన్నీ కడిగి రండి, అప్పుడు చూస్తాను.”