మేనరికానికి మినహాయింపు

తెలంగాణ వచ్చిన మరుసటేడు మా బావతోని నాకు పెండ్లి ఖాయం చేసిండ్రు. బావంటే మా మేనత్త కొడుకు. రామన్నపేట దిక్కు మా ఊర్ల మేం నాలుగు తరాల సంది క్యాథలిక్కులం. మేనరికాలు అంతకంటే ముందు సంది ఉన్నయి. పాత ఫాదర్ ఎన్నడు అడగలే, మేం ఎన్నడు చెప్పలే.

కొత్తగా వచ్చిన ఫాదర్ ఫారం తీసి, "ఇద్దరికి చుట్టరికం ఏమన్నా ఉన్నదా?" అని అడిగిండు. బాపు ఛాతి ఇరుసుకొని, "సొంత అక్క కొడుకు ఫాదర్, బయటోళ్లు కాదు," అన్నడు. ఫాదర్ పెన్ను కింద పెట్టిండు. అట్లయితే పెండ్లి చెల్లదట.

"దేవుడు వద్దన్నడా?" అన్నడు బాపు.

"లేదు. ఇది తిరుసభ, అంటే మన చర్చి, పెట్టుకున్న చట్టమే. బిషప్‌గారు మినహాయింపు ఇయ్యొచ్చు."

"దేవునికి లేని తిప్పలు మీకెందుకు ఫాదర్?"

ఫాదర్ ఇంకో ఫారం తీసిండు. మినహాయింపు ఎందుకు కావాలెనో కారణం రాయాలంట. బాపు జరసేపు ఆలోచించి "మేనరికం" అని రాసిండు. అదే అడ్డమని ఫాదర్, అదే కారణమని బాపు. ఎంతకూ తెగలే. నాకు మండింది. ఫారం గుంజుకొని, దాని కింద "నాకు బావంటే ఇష్టం" అని రాసిన. సిగ్గు లేదా అని బాపు తిడుతడనుకున్న. తిట్టలే, గోడ దిక్కు చూసిండు. ఫారం నల్గొండకు, బిషప్‌గారి దగ్గరికి పోయింది.

జవాబు వచ్చేలోపు ఫాదర్ మా ఇద్దరిని ఒక్కొక్కరిగ గదిల కూసోబెట్టి, ఎవరిదన్నా బలవంతం ఉన్నదా అని అడగాలె. అది గూడ చట్టమే. నాది రెండు నిమిషాలల్ల అయిపోయింది. బావది అర్ధగంట పట్టింది. అప్పటిదాంక నేను బయట బెంచి మీద కూసోని, పెండ్లి చీరె రంగు గురించి మేనత్తతోని కొట్లాడుతున్న.

బావ వచ్చి నా పక్కన నిలవడ్డడు.

"చిన్నప్పటి సంది నిన్నే చేస్కోవాలె అని అందరు చెప్పిండ్రు. చేస్కుంటవా అని అడిగింది గీ ఫాదర్ ఒక్కడే," అన్నడు. "చేస్కోనని చెప్పిన. నువ్వు మంచిదానివే."

మంచిదాన్నంట! ఏడుపు వచ్చింది, చెప్పు తీసి కొడుదామని గూడ అనిపించింది. మేనత్త ముందర కొట్టలేక ఏడ్చిన.

వారం దినాలకు బిషప్‌గారి కాయితం వచ్చింది. నేను రాసిన కారణం సరిపోయిందట. ఈ పెండ్లికి ఇగ ఏ అడ్డు లేదని ముద్ర కొట్టి పంపిండ్రు.