కాయల మీద పడనీయని బంతి

మా చిన్నప్పుడు సాఫ్ట్‌బాల్ ఆడాలంటే నరసరావుపేట అవతల మిరప కల్లం తప్ప మాకు వేరే చోటు లేదు... అమ్మీ అక్కడ కూలికి తొడిమలు తీసేది. బడి వదలగానే నేనూ నా స్నేహితురాళ్లూ అక్కడికే. ఎండబోసిన కాయల పక్కన మిగిలిన నేలే మా గ్రౌండు.

కల్లం యజమాని వెంకయ్య బాబాయ్ షరతు ఒక్కటే. "ఏమే షమీమూ, బంతి కాయల మీద పడిందా, ఆట బంద్. మీరు తొక్కితే గింజంతా రాలుద్ది."

అంతే... గాల్లోకి లేచిన బంతి మేం గీసుకున్న గీత లోపలో బయటో చూసేదాన్ని కాదు, పట్టేసేదాన్ని. మోకాళ్లు దోక్కుపోయేవి... వాటి మీద కారం మంట. ఏడుస్తూనే మళ్లీ ఆడేదాన్ని.

ఆ పట్టే నన్ను కాలేజీ జట్టులోకి, అక్కడి నుంచి యూనివర్సిటీ అమ్మాయిల జాతీయ పోటీలకు తీసుకెళ్లింది. బైకులు బాగుచేసే మా అబ్బా, అంటే నాన్న, ఒక్క మాటే అన్నాడు.

"ఈసారికి పో బేటీ. ఓడొస్తే మాత్రం ఇంక ఆట మాటెత్తొద్దు."

ఫైనల్ దాకా వెళ్లాం. చివరి ఇన్నింగ్స్... స్కోరు సమానం, ఒక్కరే అవుట్. అవతలి జట్టు అమ్మాయి మూడో బేస్ మీద కాచుకుని ఉంది. బ్యాటర్ కొట్టిన బంతి పైకి లేచి గీత బయటికి పోతోంది. వదిలేస్తే ఫౌల్ బంతి, ఏ నష్టమూ లేదు. పట్టుకుంటే బ్యాటర్ అవుటే... కానీ పట్టిన మరుక్షణం మూడో బేస్ మీది అమ్మాయి పరుగు తీయొచ్చు.

"వదిలెయ్!" అని కోచ్ మేడమ్ అరిచింది. విన్నాను కూడా. కాళ్లు ఆగితేగా... దూకి పట్టేశాను. లేచి విసిరేలోపు ఆ అమ్మాయి పరుగు పూర్తి చేసింది. ఆ ఒక్క పరుగుతో కప్పు పోయింది.

ఇంటికొచ్చేసరికి కబురు నాకన్నా ముందే చేరింది.

"వదిలేస్తే పోయేదాన్ని పట్టుకుని ఓడారంట. ఇంక చాలించు," అన్నాడు అబ్బా.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఓడింది నిజమే అబ్బా. ఆట మాత్రం మానను."

అమ్మీ అందుకుంది. "చిన్నప్పట్నించీ కల్లంలో బంతి కింద పడనీయొద్దని దానికి చెప్పింది మన పెద్దోళ్లేగా. ఇప్పుడు పట్టుకుందని తిడతన్నావా? రేపు పొద్దున కూడా ఆటకి పోద్ది."

పొద్దున్నే వెళ్లాను. అబ్బా మెచ్చుకోలేదు, ఆపనూ లేదు.

ఇప్పుడు నేనే బడిలో డ్రిల్లు టీచర్ని. ఏ బంతిని ఎప్పుడు వదలాలో పిల్లలకు ముందే నేర్పుతాను. వాళ్లు వదులుతారు, గెలుస్తారు... సంతోషమే. మొన్న ఆ కల్లం వైపు వెళితే ప్లాట్ల రాళ్లు పాతి ఉన్నాయి. కాయలు లేవు, అరిచే బాబాయీ లేడు... కాసేపు అక్కడే నిలబడ్డాను.

అందరూ వదిలెయ్యమన్నా మీరు వదలనిదేదో మీకూ ఉండే ఉంటుంది... కింద రాయండి. నన్ను మళ్లీ ఆ బంతి కింద నిలబెడితే మాత్రం... పట్టుకుంటాను.